బహిరంగ సంగీత కార్యక్రమాన్ని పర్యావరణానికి బరువు కాకుండా నడపడం ఎలా? నెల ముందు నుంచి మర్నాటి శుభ్రం దాకా

"నలభై చెత్త డబ్బాలు పెట్టాం, మైకులో పదిసార్లు చెప్పాం, అయినా తెల్లారేసరికి గ్రౌండ్ అంతా గ్లాసులూ కవర్లే. ఎక్కడ తప్పు జరిగింది?" మ్యూజిక్ నైట్లు నడిపే కుర్రాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఇదే.

తప్పు డబ్బాల దగ్గర జరగలేదు. మూడు వారాల ముందు స్టాళ్ళ వాళ్ళతో, స్పాన్సర్‌తో, సౌండ్ వాళ్ళతో మాట్లాడుకున్నప్పుడే జరిగిపోయింది. గేటు దాటి లోపలికి వచ్చిన ప్రతి వస్తువునూ ఎవరో ఒకరు బయటికి మోయాల్సిందే. అందుకే ఈ మార్గదర్శిలో చెత్త డబ్బాలు ఆరో మెట్టులో గానీ రావు.

లెక్కల కోసం ఒక నమూనా పెట్టుకుందాం: కాలేజీ గ్రౌండ్, 3,000 మంది, ఒక స్టేజీ, పది ఫుడ్ స్టాళ్ళు, సాయంత్రం 5 నుంచి రాత్రి 9:45 వరకు. మీది పెద్దదైతే అంకెలు పెంచుకోండి. వరుస మాత్రం మార్చొద్దు.

## 1. గ్రౌండ్ ఎంపిక (30 రోజుల ముందు)

జనరేటర్ పొగ కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. ఒకసారి ఈ లెక్క వేయండి. 600 కార్లు, రానూపోనూ 30 కిలోమీటర్లు, లీటరుకు 15 కిలోమీటర్ల మైలేజీ అనుకుంటే 1,200 లీటర్ల పెట్రోలు. అదే జనరేటర్ గంటకు 15 లీటర్ల చొప్పున 8 గంటలు నడిస్తే 120 లీటర్ల డీజిల్. పది రెట్ల తేడా!

అంటే ఊరికి దూరంగా ఫామ్‌హౌస్‌లో పెట్టే 'గ్రీన్' ఫెస్టివల్ కంటే, బస్టాండుకు నడిచి వెళ్ళేంత దూరంలోని మామూలు కాలేజీ గ్రౌండే మేలు. నాకైతే ఇది అన్నిటికన్నా పెద్ద నిర్ణయం.

ఇక టైం. కార్యక్రమం అయిపోయే వేళ చివరి బస్సుకో చివరి మెట్రోకో ముందుండాలి. బస్సు దొరకదని తెలిస్తే జనం ఇంటి దగ్గరే కారు తీస్తారు. మీ ఊళ్ళో రాత్రి బస్సులు లేకపోతే ఆర్టీసీ డిపోలో అద్దె బస్సులు మాట్లాడి, ఆ ఖర్చు టికెట్టులోనే కలపండి. పార్కింగ్‌లో బైకులకు, సైకిళ్ళకు గేటు దగ్గర చోటివ్వండి. కార్లను దూరంగా పెట్టి, డబ్బు తీసుకోండి.

గ్రౌండ్ చూడటానికి వెళ్ళినప్పుడు:

- బస్టాప్ లేదా స్టేషన్ నుంచి స్వయంగా నడిచి చూశారా?
- దగ్గర్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉందా? తాత్కాలిక కనెక్షన్ ఇస్తారా?
- ఆసుపత్రి, బడి, కోర్టు 100 మీటర్ల లోపు ఉన్నాయా? ఉంటే అది సైలెన్స్ జోన్ కావచ్చు. వేరే చోటు చూసుకోండి.
- చెరువు శిఖం భూమా (నీళ్ళు తగ్గితే బయటపడే చెరువు నేల)? అయితే వద్దు. చెత్త ఎగిరి నీళ్ళలో పడ్డాక ఏరడం మీ వల్ల కాదు.
- చెట్ల మీద రాత్రిళ్ళు కొంగలు వాలతాయా? పగలు చూస్తే తెలియదు, సాయంత్రం ఆరింటికి వెళ్ళి చూడండి.
- వాన పడితే లారీలు దిగబడతాయా? తడి నేల మీద ఒక్క లారీ తిరిగినా ఆ గాడి ఏడాది దాకా పోదు.

చివరగా ఖాళీ గ్రౌండ్‌కు నాలుగు మూలల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆఖరి రోజు పనికొస్తాయి.

## 2. ఒప్పందాలు (21 రోజుల ముందు)

నోటిమాట పనికిరాదు. స్టాళ్ళు, టెంట్ హౌస్, క్యాటరింగ్, సౌండ్, డెకరేషన్, స్పాన్సర్, అందరి దగ్గరా ఒక్క పేజీ కాగితం ఉండాలి. స్టాళ్ళకు నేను రాసేది ఇది:

"ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, క్యారీ బ్యాగులు, సాస్ ప్యాకెట్లు స్టాలులోకి తేము. నిర్వాహకులు ఇచ్చిన విస్తళ్ళు, దొప్పలే వాడతాము. తడి, పొడి చెత్త విడివిడిగా అప్పగిస్తాము. లేకపోతే 2,000 రూపాయల డిపాజిట్ వదులుకుంటాము."

ఇందులో అసలు పని చేసేది రెండో వాక్యం. విస్తళ్ళు, దొప్పలు, చెక్క స్పూన్లు అన్నీ మీరే హోల్‌సేల్‌లో కొని, స్టాళ్ళకు కొన్న ధరకే ఇవ్వండి. ఎవరి సామాను వాళ్ళు తెచ్చుకోమంటే పదిమందిలో ఒకరు తప్పకుండా థర్మోకోల్ ప్లేట్లతో వస్తారు. సాయంత్రం ఆరింటికి, క్యూ కట్టిన జనం ముందు, మీరు ఆ స్టాలు మూయించలేరు.

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, థర్మోకోల్ డెకరేషన్, 100 మైక్రాన్ల కంటే పల్చని పీవీసీ బ్యానర్లు దేశమంతటా నిషేధం. ఎవరైనా మొండికేస్తే మీ సొంత రూల్ కాదని చెప్పండి.

మోసపోయే చోట్లు మూడు:

- పేపర్ కప్పు. లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. దాన్ని కంపోస్టులో వేయలేరు, పాత పేపర్ల వాళ్ళూ తీసుకోరు.
- 'కంపోస్టబుల్' ప్లాస్టిక్. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉందో లేదో అడగండి. ఉన్నా సరే, అలాంటివి చాలావరకు పెద్ద కంపోస్టు ప్లాంట్లలోని వేడికే కుళ్ళుతాయి. మీ ఊళ్ళో ఆ ప్లాంటు లేకపోతే అది మామూలు ప్లాస్టిక్ లెక్కే.
- ఆకులా కనిపించే ప్లేటు. పైన ఆకు, కింద ప్లాస్టిక్ పొర. ఒకటి చింపి చూడండి.

స్పాన్సర్ విషయంలో నాకు గట్టి దెబ్బే తగిలింది. ఒక ఏడాది స్టాళ్ళన్నిటితో కాగితం రాయించుకున్నాం. డబ్బిచ్చిన స్పాన్సర్‌ను మాత్రం మొహమాటపడి అడగలేదు. ఆ సాయంత్రం వాళ్ళ వ్యాన్ వచ్చి ప్లాస్టిక్ విసనకర్రలు, శాంపిల్ ప్యాకెట్లు, కరపత్రాలు గుట్టలుగా దింపింది. మర్నాడు మేం ఏరిన చెత్తలో సగానికి పైగా అదే. అప్పటి నుంచి 'చేతికి పంచేది ఏదీ ఉండదు, స్క్రీన్ మీద పేరు వేస్తాం' అని మొదటి మీటింగులోనే చెప్పేస్తున్నాను.

స్టేజీకి అద్దె ట్రస్సులు (లోహపు చట్రాలు), షామియానా గుడ్డలు చాలు. వెదురు దొరికే చోట అది ఇంకా బాగుంటుంది. అరుణాచల్‌లోని జీరో సంగీత ఫెస్టివల్‌లో అక్కడి అపతానీ తెగవాళ్ళు స్టేజీలు వెదురుతోనే కడతారు. బ్యానర్ల మీద తేదీ వేయకండి, వచ్చే ఏడాదికీ వాడుకోవచ్చు.

## 3. కరెంటు (15 రోజుల ముందు)

మామూలుగా జరిగేది: సౌండ్‌కు ఒక జనరేటర్, లైట్లకు ఒకటి, రెండూ పావు లోడుతో మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా. జనరేటర్ 30 శాతం కంటే తక్కువ లోడు మీద గంటలకొద్దీ నడిస్తే డీజిల్ సరిగా మండదు. పొగా ఎక్కువే, మసీ ఎక్కువే, యంత్రానికీ మంచిది కాదు. లీటరు డీజిల్‌కు దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఎలాగూ వస్తుంది. దాన్ని వృథాగా మండించడం ఎందుకు?

వరుసగా ఇలా చేయండి:

లోడు లిస్టు రాయండి. సౌండ్, లైట్లు, స్క్రీన్, స్టాళ్ళ ఫ్రిజ్‌లు, గ్రైండర్లు, అన్నీ వాట్లలో. "ఓ 125 కేవీఏ జనరేటర్ పెట్టేద్దాం" అని ఎవరైనా అంటే ఈ లిస్టు చూపించండి.

లోడు తగ్గించండి. పాత పార్ క్యాన్ (డబ్బాలాంటి స్టేజీ లైటు) 1,000 వాట్లు లాగుతుంది. ఎల్‌ఈడీ పార్ 150 నుంచి 200తో సరిపెడుతుంది. 24 లైట్లుంటే 24 కిలోవాట్లు కాస్తా ఐదు లోపుకు దిగుతుంది. స్టాళ్ళలో హాలోజన్ లైట్లు వద్దని కాగితంలో రాయండి.

తాత్కాలిక కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టండి. విద్యుత్ సంస్థ వాళ్ళు వచ్చి చూసి, డబ్బు కట్టించుకుని, లైను ఇవ్వడానికి టైం పడుతుంది. నాలుగు రోజుల ముందు పరిగెత్తితే కుదరదు.

జనరేటర్ ఒకటే, అదీ స్టాండ్‌బైలో. లైను నుంచి జనరేటర్‌కు మార్చే చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. సౌండ్ ఇంజినీర్లు గ్రిడ్ (లైను) కరెంటును నమ్మరు, వాళ్ళ భయం న్యాయమైనదే. కరెంటు రెప్పపాటు పోయినా డిజిటల్ మిక్సర్ రీస్టార్ట్ అవుతుంది, పాట మధ్యలో ఆగుతుంది. మిక్సర్‌కు, వైర్‌లెస్ మైకులకు చిన్న యూపీఎస్ పెడితే ఆ టెన్షన్ ఉండదు. సౌండ్‌కు ఒక డిస్ట్రిబ్యూషన్ బోర్డు, లైట్లకు, స్టాళ్ళకు వేరే బోర్డు ఇవ్వండి. మూడు ఫేజుల మీదా లోడు సమానంగా పంచమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. సౌండ్ చెక్ గ్రిడ్ మీదే చేయించండి, అప్పుడే వాళ్ళకు నమ్మకం కుదురుతుంది.

సోలార్ గురించి అడుగుతుంటారు. ఒక్క రాత్రి కార్యక్రమానికి ప్యానెళ్ళు అద్దెకు తెచ్చి స్టేజీ నడపడం ఫోటోకు బాగుంటుంది తప్ప లెక్కకు నిలవదు. దారి లైట్లకు, వాకీటాకీల ఛార్జింగ్‌కు వాడండి చాలు.

## 4. తాగునీళ్ళు

మనిషికి లీటరున్నర వేసుకోండి. 3,000 మందికి 4,500 లీటర్లు. 20 లీటర్ల క్యాన్లయితే 225. అదే అరలీటరు సీసాల్లో ఇస్తే 9,000 సీసాలు, 9,000 మూతలు. సీసాలు ఏరుకోవడానికి ఎవరైనా వస్తారు, మూతలు మాత్రం గడ్డిలోనే ఉండిపోతాయి.

ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ ఫెస్టివల్ 2019లో ప్లాస్టిక్ నీళ్ళ సీసాల అమ్మకం ఆపేసి, జనాన్ని కుళాయిల దగ్గరికి పంపింది. మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు, చలివేంద్రమే కదా. 300 మందికి ఒక చలివేంద్రం చొప్పున పది పెట్టండి. ఒక్కోచోట 60 స్టీల్ గ్లాసులు, నీళ్ళు పోసే ఇద్దరు, కడిగే ఒకరు. కడగడానికి మూడు తొట్లు: సబ్బు నీళ్ళు, మంచినీళ్ళు, చివర వేడినీళ్ళు.

గ్లాసుకు డిపాజిట్ తీసుకుని తిరిగిచ్చే పద్ధతి పదివేల మంది దాటే చోట బాగుంటుంది. మూడు వేల మందికి చిల్లర గొడవ తప్ప లాభం లేదు.

రెండు చిక్కులు ముందే తేల్చుకోండి.

మొదటిది సెక్యూరిటీ. "సీసా తెచ్చుకోండి" అని మీరు పోస్టర్ వేస్తారు, గేటు దగ్గర గార్డు వాటిని లాక్కుని గుట్ట పోస్తాడు. పర్మిషన్ కోసం వెళ్ళినప్పుడే పోలీసులతో మాట్లాడి, ఖాళీ సీసాలు అనుమతిస్తారో లేదో తేల్చుకోండి. వద్దంటే పోస్టర్ మీద ఆ సంగతి రాయండి. అనుమతిస్తే ఆ ముక్క గేటు దగ్గరి గార్డుల దాకా చేరాలి.

రెండోది బురద. నీళ్ళు పోసే చోట గంటలో చిత్తడి అవుతుంది. ఇటుకలో కంకరో పరవండి. కడిగిన నీళ్ళు డ్రైనేజీలోకో ఇంకుడు గుంతలోకో వెళ్ళాలి.

గ్రీన్ రూమ్‌లోనూ ఇదే నియమం. బ్యాండ్ వాళ్ళకు ముందే మెసేజ్ పెడితే ఎవరూ ఏమీ అనుకోరు. చెప్పకుండా వచ్చాక సీసా లేదంటేనే చిరాకు.

## 5. తిండి

మోదుగాకు విస్తళ్ళు, అడ్డాకులు, పోక పట్ట ప్లేట్లు, అరిటాకు, మీ ప్రాంతంలో ఏది దొరికితే అది. ఆకు విస్తళ్ళకు కనీసం రెండు వారాల ముందే ఆర్డర్ ఇవ్వాలి. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఇంకా ముందు.

మెనూ మార్చితే సగం చెత్త తగ్గుతుంది. కాల్చిన మొక్కజొన్న పొత్తుకు ప్లేటు అక్కర్లేదు. పునుగులు, బజ్జీలు, శనగలకు దొప్ప చాలు. చాయ్ గాజు గ్లాసుల్లో. బజ్జీలను న్యూస్‌పేపర్లో చుట్టి ఇవ్వడం మాత్రం వద్దు. ఆ సిరా తిండికి అంటుతుంది, ఆహార భద్రతా సంస్థ దాన్ని నిషేధించింది. చట్నీ, సాస్ గిన్నెలోంచి వడ్డించండి.

మిగిలే తిండి గురించి ఎనిమిదిన్నరకే ఆలోచించాలి, పదకొండింటికి కాదు. ఇన్ని ప్లేట్లు మిగిలేలా ఉన్నాయని అప్పుడే ఫోన్ చేస్తే హైదరాబాద్‌లో రాబిన్‌హుడ్ ఆర్మీ లాంటి వలంటీర్ సంస్థల వాళ్ళు, చిన్న ఊళ్ళో ఏదైనా ఆశ్రమం వాళ్ళు తీసుకెళ్ళగలరు. వాళ్ళ నంబరు ముందు రోజే సేవ్ చేసుకోండి. పాసిపోయాక ఇస్తే అది దానం కాదు.

వాడిన నూనె కాలువలో పోయకుండా డబ్బాలో పట్టండి. దాన్ని బయోడీజిల్‌కు సేకరించే సంస్థలున్నాయి.

## 6. చెత్త డబ్బాలు

ఇప్పటిదాకా అన్నీ చేసి ఉంటే ఇక్కడికి వచ్చే చెత్త రెండే రకాలు: ఎంగిలి విస్తళ్ళు, కొద్దిగా పొడి చెత్త.

- ఒంటరి డబ్బా ఎక్కడా పెట్టొద్దు. పచ్చది తడికి, నీలం పొడికి, రెండూ జంటగా ఉండాలి. ఒంటరి డబ్బాలో అన్నీ కలుస్తాయి.
- 3,000 మందికి 12 జంటలు చాలు. ప్రతి జంట దగ్గరా ఒక వలంటీర్ ఉండాలి. మనిషి లేని 40 డబ్బాల కంటే మనిషి ఉన్న 12 జంటలు నయం.
- స్టాలు నుంచి 15, 20 అడుగుల దూరంలో పెట్టండి. తినడం పూర్తయ్యేది అక్కడే. స్టేజీ ముందు పెడితే ఎవరో తన్నుకుని పడతారు.
- మూతలు తీసేయండి. ఎంగిలి చేత్తో మూత ఎవరూ ఎత్తరు.
- బోర్డు మీద రాతలు తగ్గించి, ఆ రోజు వాడే విస్తరి, దొప్ప, చెక్క స్పూను నిజంగానే అతికించండి.
- సంచి ముప్పావు నిండగానే మార్చండి. పొంగిన డబ్బా చుట్టూ జనం నేల మీదే వేస్తారు.

2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే, 100 మంది దాటే కార్యక్రమానికి మూడు పని దినాల ముందు స్థానిక సంస్థకు తెలపాలని, చెత్త వేరు చేసి అప్పగించాలని ఉంది. ఆ కాగితం ఇవ్వడానికి వెళ్ళినప్పుడే శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను అడగండి: తడి చెత్త ఏ కంపోస్టు యార్డుకు వెళ్తుంది, బండి ఎన్నింటికి వస్తుంది? బండి ఒకటే వచ్చి రెండిటినీ కలిపి వేసుకుంటే మీ వలంటీర్ల కష్టమంతా గంగపాలు.

పారిశుధ్య కార్మికులకు రాత్రి డ్యూటీకి తగ్గ కూలి, చేతి తొడుగులు, భోజనం, వాళ్ళూ కూర్చుని పాట వినడానికి కుర్చీలు, ఇవన్నీ బడ్జెట్‌లో రాయండి. చివరి అంశం చూసి నవ్వుతారేమో. పెట్టి చూడండి.

## 7. టాయిలెట్లు

ఆరు గంటల లోపు కార్యక్రమాలకు బ్రిటన్‌లో వాడే లెక్క పనికొస్తుంది: 100 మంది మహిళలకు ఒకటి, 500 మంది మగవాళ్ళకు ఒకటి, 150 మందికి ఒక యూరినల్. సగం సగం వస్తారనుకుంటే మహిళలకు 15, మగవాళ్ళకు 3, యూరినల్స్ 10. మనవాళ్ళు దీన్ని తలకిందులు చేసి మహిళలకు నాలుగు పెడతారు.

మహిళల టాయిలెట్లలో ప్యాడ్ల కోసం కాగితం, మూత ఉన్న డబ్బా ఉంచండి. ట్యాంకర్ వాడు ఎక్కడ ఖాళీ చేస్తాడో అడిగి, శుద్ధి కేంద్రం రసీదు చూపిస్తేనే బిల్లు ఇవ్వండి. లేదంటే అది దగ్గర్లోని వాగులోకే పోతుంది.

## 8. మోత, వెలుతురు

రాత్రి 10 దాటాక బహిరంగంగా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా, సాంస్కృతిక, మతపరమైన సందర్భాలకు ప్రభుత్వం 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. మీ తేదీ అందులో ఉందని ఊహించుకోకండి. గ్రౌండ్ సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంతానికి నిర్ణయించిన శబ్ద ప్రమాణం మీద 10 డెసిబెల్స్, లేదా 75 డెసిబెల్స్, ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు.

సౌండ్ చెక్ టైంలో మీటర్ పట్టుకుని ప్రహరీ చుట్టూ తిరగండి. ఫోన్ యాప్ కచ్చితంగా చెప్పదు, అంచనాకు పనికొస్తుంది. ముందు రెండు గోపురాల్లా స్పీకర్లు పేర్చే బదులు, మధ్యలో చిన్న డిలే స్పీకర్లు (ముందు నుంచి వచ్చే మోతతో కలిసేలా కాస్త ఆలస్యంగా మోగేవి) పెడితే వెనకవాళ్ళకూ వినిపిస్తుంది, వీధి అవతలికి మోత తగ్గుతుంది. బీమ్ లైట్లు చెట్ల మీదకు తిప్పొద్దని ఆపరేటర్‌కు చెప్పండి.

పేపర్ బ్లాస్ట్ (జనం మీదకు మెరుపు ముక్కలు చిమ్మడం) వద్దే వద్దు. మెరిసే ఆ ముక్కలు ప్లాస్టిక్. పది సెకన్ల సరదాకు వారం రోజులు గడ్డిలోంచి ఏరుతూ కూర్చోవాలి, అయినా అన్నీ దొరకవు.

## 9. ఆ రోజు గడియారం

- మధ్యాహ్నం 12: స్టాళ్ళ సామాను తనిఖీ. నిషేధించినవి ఉంటే వాళ్ళ బండిలోనే తిరిగి పెట్టించండి.
- 3:00: వలంటీర్లకు డబ్బాల శిక్షణ, పది నిమిషాలు. గ్రిడ్ మీద సౌండ్ చెక్.
- 4:30: చలివేంద్రాల్లో నీళ్ళు, గ్లాసులు సిద్ధం.
- 7:00: బ్రేక్‌లో మొదటి విడత ఏరివేత. ఒకసారి చెత్త కనిపిస్తే జనానికి రెండోది వేయడానికి మొహమాటం ఉండదు.
- 8:30: మిగిలే తిండి అంచనా, ఫోన్.
- 9:30: యాంకర్ ప్రకటన. ఉపన్యాసం వద్దు. "లేచేటప్పుడు మీ కాళ్ళ దగ్గరున్నది తీసుకుని, గేటు పక్కన డబ్బాల్లో, తడిది పచ్చదాంట్లో, పొడిది నీలందాంట్లో వేయండి" అంటే చాలు.
- 9:45: సంగీతం ఆగాలి, లైట్లు ఆగకూడదు. గ్రౌండ్ లైట్లు గంటసేపు ఉంచమని ముందే చెప్పకపోతే లైటింగ్ వాళ్ళు మొదట వాటినే విప్పుతారు.

## 10. మర్నాడు

రాత్రి ఏరింది పెద్ద చెత్త. చిన్నది పగటి వెలుతురులోనే కనబడుతుంది. ఉదయం ఆరున్నరకు ఇరవై మంది, చేతులు చాస్తే తగిలేంత దూరంలో వరుసగా నిలబడి, గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. తర్వాత అడ్డంగా ఇంకోసారి.

దొరికేవి ఎక్కువగా కేబుల్ ట్యాగ్ (వైర్లు బిగించే ప్లాస్టిక్ పట్టీ) ముక్కలు. స్టేజీ విప్పేవాళ్ళు కత్తిరించి అక్కడే పడేస్తారు. వీలైన చోట తాడు వాడించండి, ట్యాగ్ తప్పని చోట కింద గోనెపట్టా పరవమనండి. మేకులకు ఒక అయస్కాంతాన్ని తాడుకు కట్టి ఈడ్చండి. ఆ గ్రౌండ్‌లో రేపు పిల్లలు చెప్పులు లేకుండా కబడ్డీ ఆడతారు.

మిగతా పనులు:

- గుంజలు పాతిన గుంతలు పూడ్చి, నీళ్ళు చల్లి, తొక్కారా?
- తడి, పొడి చెత్త విడివిడిగా తూచి రాసుకున్నారా? వచ్చే ఏడాది పోల్చుకోవడానికి ఇదొక్కటే ఆధారం.
- జనరేటర్‌లో ఎన్ని లీటర్లు అయ్యాయి, మీటరు ఎన్ని యూనిట్లు తిరిగింది?
- పాత ఫ్లెక్సీలు ఉంటే ధాన్యం మీద కప్పుకోవడానికి రైతులకు ఇచ్చారా?
- నాలుగు మూలల నుంచీ మళ్ళీ ఫోటోలు తీశారా?

స్టాళ్ళ వాళ్ళ డిపాజిట్లు ఆ ఉదయమే వెనక్కి ఇచ్చేయండి, కోత పెట్టాల్సిన వాళ్ళకు ఎందుకో ఫోటో చూపించి మరీ పెట్టండి. ఆలస్యం చేస్తే వచ్చేసారి ఎవరూ ఆ కాగితం మీద సంతకం పెట్టరు.